రాత లెక్కను సమీకరణంగా మార్చడం ఎలా? ముందు తెలుగులో చెప్పించండి

బెంగళూరులో ఇంగ్లీషు మీడియం చదివే మన పిల్లలు ‘ఫైవ్ లెస్ దాన్ ఎ నంబర్’ అని చూడగానే 5లోంచి సంఖ్యను తీసేస్తారు. మాటలు కనబడిన వరుసలోనే రాయడం వల్ల జరిగే తప్పిది. అదే మాట ఇంటి తెలుగులో చెప్పించండి: ‘ఒక సంఖ్య కన్నా 5 తక్కువ’. ముందు సంఖ్య, తర్వాత 5, చివర తీసివేత. సంఖ్యను ‘స’ అంటే స − 5 దానంతటదే వస్తుంది. ‘కన్నా’, ‘కంటే’ దేని పక్కన ఉంటే అది ముందు రాయాలి.

బడిలో ‘ఎక్స్’ అని రాసేచోట ఇక్కడ తెలుగు అక్షరం వాడుతున్నాం. వింతేం కాదు, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశులకు యా, కా, నీ అనే అక్షరాలే వాడాడు.

ఇక ఆటో లెక్క. 2025 ఆగస్టులో సవరించిన బెంగళూరు రేటు ప్రకారం మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. మీటరులో 126 పడితే ఎంత దూరం వెళ్లినట్టు? (వెయిటింగ్ లేదనుకుందాం. డ్రైవరు మీటరు వేశాడనీ అనుకుందాం.)

1. చివరి ప్రశ్న ముందు చదవండి. ద = మొత్తం దూరం, కిలోమీటర్లలో. కొలత తప్పకుండా రాయాలి. ‘ద’ అంటే ఆటో కాదు, రోడ్డు కాదు, ఒక సంఖ్య.

2. మిగతావి దాంతోనే చెప్పండి. 18 చొప్పున పడేది మొత్తం దూరానికి కాదు, 2 పోగా మిగిలిన ద − 2కి.

3. ఒకే మొత్తాన్ని రెండు రకాలుగా చెప్పి మధ్యలో సమానం గుర్తు పెట్టండి: 36 + 18(ద − 2) = 126.

4. రెండు పక్కలా 36 తీసేస్తే 18(ద − 2) = 90. 18తో భాగిస్తే ద − 2 = 5, కాబట్టి ద = 7. చాలామంది 5 దగ్గరే ఆగిపోతారు.

5. జవాబును సమీకరణంలో కాదు, లెక్క మాటల్లో పెట్టి సరిచూడండి. 36 + 18ద = 126 అని తప్పుగా రాసినా ద = 5 అందులో చక్కగా సరిపోతుంది. కానీ 5 కిలోమీటర్లకు మీటరు చూపేది 36 + 54, అంటే 90 మాత్రమే.

‘126ని 18తో భాగిస్తే చాలదా?’ అని చురుకైన పిల్ల అడుగుతుంది. ఇక్కడ చాలు, ఎందుకంటే 36 సరిగ్గా రెండు పద్దెనిమిదులు. మినిమం 40 అయితే ఆ దారి మూసుకుపోతుంది.

వయసుల లెక్కల్లో తప్పు ఇంకోచోట దొర్లుతుంది. అమ్మ వయసు కూతురి వయసుకు 4 రెట్లు, 6 ఏళ్ల తర్వాత 3 రెట్లు. చిన్నదాన్నే అక్షరంగా తీసుకోండి, లేకపోతే భిన్నాలు నెత్తికెక్కుతాయి. క = కూతురి వయసు, ఏళ్లలో. ఇప్పుడు క, 4క. తర్వాత క + 6, 4క + 6. ఆరేళ్లు ఇద్దరికీ గడుస్తాయి కదా.

4క + 6 = 3(క + 6)
4క + 6 = 3క + 18
క = 12, అమ్మకు 48.

బ్రాకెట్ మరిచి 3క + 6 రాస్తే క = 0 వస్తుంది: కూతురు ఇవాళే పుట్టింది, అమ్మ కూడా ఇవాళే పుట్టింది! ఇలాంటి జవాబు వస్తే కూడికలు, తీసివేతలు మళ్లీ చేయించకండి. సమీకరణం రాసిన మొదటి వరుసకు వెళ్లండి.