ఓవర్‌క్లాక్ పరీక్ష మిట్టమధ్యాహ్నమే పెట్టాలి

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. బెజవాడ సత్యనారాయణపురంలో మేడ మీద గది. ఏసీ వేయకపోతే మే నెలలో మధ్యాహ్నం మూడింటికి గోడ మీద థర్మామీటరు 38 చూపిస్తుంది, అప్పటికి స్లాబ్ కాలిపోతూ ఉంటుంది. ఆ గదిలోనే నా మిషన్ ఉంటుంది, ఏఎండీ కంపెనీ రైజెన్ 5 3600 ప్రాసెసర్‌తో.

2021 డిసెంబరులో ఒక రాత్రి దాన్ని కంపెనీ పెట్టిన స్పీడు దాటించి 4.3 గిగాహెర్ట్జ్‌కి ఎక్కించాను. దీన్నే ఓవర్‌క్లాక్ అంటారు. ప్రాసెసర్‌ని బాగా పనిచేయించి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ప్రోగ్రామ్ పది నిమిషాలు నడిచింది, పాసైందనుకుని పడుకున్నాను. నాలుగు నెలలు ఏ గొడవా లేదు. మే ముహూర్తాల్లో ఒక పెళ్లి వీడియోని మధ్యాహ్నం రెండర్‌కి పెట్టి, భోంచేసి వచ్చి, సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేశాను. రాత్రి పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేశారు. "బాబూ, జీలకర్ర బెల్లం పెట్టే చోట అబ్బాయి మొహం మీద పచ్చగా డబ్బాలు డబ్బాలుగా వస్తోందయ్యా." చూస్తే నిజమే. ఒక్క అర సెకను, అదీ సరిగ్గా అక్కడే. మిషన్ హ్యాంగ్ కాలేదు, బ్లూ స్క్రీన్ రాలేదు, సాఫ్ట్‌వేర్ ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు. ఎక్కడో ఒక లెక్క తప్పింది, అంతే. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) అన్నీ మామూలుగా పెట్టి అదే ప్రాజెక్టుని మళ్లీ రెండర్ చేస్తే శుభ్రంగా వచ్చింది.

ఆ తర్వాత పరీక్ష ఎలా పెట్టాలో మొదటి నుంచి నేర్చుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ చిప్ సంగతి చూసుకోండి. షాపుల్లో సీపీయూ అంటే క్యాబినెట్ మొత్తం అనుకుంటారు, నేను మాట్లాడేది లోపలి ప్రాసెసర్ గురించి. ఇంటెల్‌లో అయితే పేరు చివర 'కె' ఉండాలి ('కేఎఫ్', 'కేఎస్' అయినా సరే), మదర్‌బోర్డు 'జెడ్' సిరీస్‌ది కావాలి. రైజెన్‌లో దాదాపు అన్నిటికీ తాళం ఉండదు (5800ఎక్స్3డీ లాంటివి మినహాయింపు), కానీ ఏ320 బోర్డులో ఆ ఆప్షనే ఉండదు. నాది బీ450, అందులో ఉంటుంది. ఓవర్‌క్లాక్ వల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించదని కూడా తెలిసి మొదలుపెట్టండి. హార్డ్‌డిస్క్‌లో ఉన్న కస్టమర్ల ఫుటేజీకి ఇంకో కాపీ తీసి, ఆ డ్రైవ్‌ని ఊడదీసి పక్కన పెట్టండి. పరీక్ష మధ్యలో మిషన్ పడిపోయినప్పుడు విండోస్ ఫైళ్లు పాడవడం నేను రెండుసార్లు చూశాను.

తర్వాత ఏ మార్పూ చేయకుండా మామూలు స్పీడు దగ్గర కొలతలు తీసుకోవాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు. నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి: గది ఉష్ణోగ్రత, సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల స్కోరు, అప్పుడు అన్ని కోర్లూ (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) కలిసి నడిచిన స్పీడు, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (వేడి, వోల్టేజ్ చూపించే ప్రోగ్రామ్) కనిపించిన గరిష్ఠ వేడి. 3600 డబ్బా మీద బేస్ 3.6, బూస్ట్ 4.2 అని ఉంటుంది. ఆ 4.2 ఒకటి రెండు కోర్ల మీద పని పడ్డప్పటి మాట. ఆరు కోర్లూ బిగిస్తే నా చిప్ చలికాలంలో 4.05 దగ్గర, ఎండాకాలంలో 3.95 దగ్గర నిలబడుతుంది. మనం పెంచామో లేదో ఈ అంకెతో పోల్చి చూడాలి, 3.6తో కాదు.

ఇక బయోస్. మొదట ర్యామ్‌ని పై స్పీడులో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగ్ తీసేయండి. ర్యామ్ కూడా పై స్పీడులో ఉంటే, మిషన్ పడిపోయినప్పుడు తప్పు ప్రాసెసర్‌దో ర్యామ్‌దో తేలదు. ప్రాసెసర్ సంగతి తేలాక ఎక్స్ఎంపీ మళ్లీ పెట్టి, ఇంకోసారి పరీక్షించొచ్చు.

స్పీడు కంటే ముందు వోల్టేజ్‌కి ఒక గీత గీసుకోండి. నేను నా 3600కి 1.30 వోల్టులు దాటకూడదనుకున్నాను. "ఆటోలో ఉంటే అదే 1.45 చూపిస్తోంది కదా, 1.30కే భయమెందుకు?" అని అడుగుతారు. ఒక కోరు కాసేపు పరుగెత్తేటప్పుడు కరెంటు తక్కువ లాగుతుంది, కాబట్టి అంత వోల్టేజ్ ఇచ్చినా చిప్ తట్టుకుంటుంది. అన్ని కోర్లూ పనిలో పడగానే చిప్ తానే వోల్టేజ్ తగ్గించేసుకుంటుంది. మనం చేత్తో 1.45 అని బిగిస్తే ఆ తగ్గించుకునే తెలివి పోతుంది. అన్ని కోర్ల మీదా అదే వోల్టేజ్, గంటల తరబడి. చిప్ అరిగిపోయేది అలాగే.

వేడి లెక్క కూడా ఒకసారి చూడండి. ప్రాసెసర్ తినే కరెంటు స్పీడుతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గంగా పెరుగుతుంది. 1.25 వోల్టుల దగ్గర 4.1లో ఉన్న చిప్‌ని 1.35 ఇచ్చి 4.3కి ఎక్కిస్తే స్పీడు 5 శాతం పెరుగుతుంది, వేడి 22 శాతం. పైగా 3600లో కోర్లున్న ముక్క 74 చదరపు మిల్లీమీటర్లే, చూపుడు వేలి గోరంత కూడా ఉండదు. అంత చిన్న చోట పుట్టే వేడిని ఎంత పెద్ద కూలరైనా ఒక హద్దు వరకే లాగగలదు. డబ్బాలో వచ్చే చిన్న కూలర్‌తో మాత్రం ఈ పని పెట్టుకోకండి. నాది 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్.

బయోస్‌లో ఎల్ఎల్‌సీ అని ఒకటుంటుంది. లోడు పడ్డప్పుడు వోల్టేజ్ కిందికి జారుతుంది, ఆ జారుడుని ఇది అడ్డుకుంటుంది. దాన్ని మధ్యలో పెట్టండి. ఒక కంపెనీ బోర్డులో 1 అంటే అన్నిటికంటే గట్టిది, ఇంకో కంపెనీలో 1 అంటే అన్నిటికంటే మెత్తనిది, కాబట్టి మాన్యువల్ చూడకుండా ముట్టుకోవద్దు. బయోస్‌లో మీరు పెట్టిన 1.30 లోడు మీద 1.27 అవ్వొచ్చు. నిజంగా ఎంత అందుతోందో హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 'ఎస్‌వీఐ2 టీఎఫ్ఎన్' అని ఉన్న వరసలో చూడండి.

ఇప్పుడు మెట్లు ఎక్కడమే. బయోస్‌లో మార్చేది మల్టిప్లయర్, దాన్ని 100 మెగాహెర్ట్జ్‌తో గుణిస్తే స్పీడు వస్తుంది, 40 అంటే 4.0 గిగాహెర్ట్జ్. నా కాగితం మీద ఉన్నది చెబుతాను. మల్టిప్లయర్ 40, వోల్టేజ్ 1.25: సినీబెంచ్ పాస్. 41: పాస్. 41.5: సినీబెంచ్ పాస్, కానీ ప్రైమ్95లో (లెక్కల తప్పులు పట్టే ప్రోగ్రామ్, కింద చెబుతాను) ఏడో నిమిషంలో ఫెయిల్. 42: సినీబెంచ్ మధ్యలోనే రీస్టార్ట్. వోల్టేజ్ 1.30 చేసి మళ్లీ 42: రెండూ పాస్. 1.30 మీదే 43: విండోస్ లోగో దగ్గర చుక్కలు రెండు తిరుగుళ్లు తిరిగి ఆగిపోయాయి. ఒక్కసారికి గీత దాటి, డిసెంబరులో పెట్టిన 1.35 ఇచ్చి చూశాను. సినీబెంచ్ అయితే దర్జాగా పూర్తి చేసింది. ప్రైమ్95 మూడు నిమిషాలు కూడా నడవలేదు. నాలుగు నెలలు నేను నమ్ముకున్న సెట్టింగ్ ఇదీ.

ఈ అంకెలు మీకు పనికిరావు. ఒకే మోడల్ చిప్‌లు రెండు తీసుకున్నా ఒకటి 4.3కి హాయిగా వెళ్తుంది, ఇంకోటి 4.15 దగ్గరే మొరాయిస్తుంది. దీన్నే సిలికాన్ లాటరీ అంటారు. ఒకసారి ఒక మెట్టే ఎక్కండి. స్పీడు, వోల్టేజ్ రెండూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ప్రైమ్95 గురించి కాస్త చెప్పాలి. అతిపెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి రాసిన ప్రోగ్రామ్ ఇది. అది చేసే లెక్కలకి సరైన జవాబు ముందే తెలిసి ఉంటుంది, కాబట్టి ప్రాసెసర్ తప్పు చెబితే అక్కడికక్కడే పట్టేస్తుంది. 'స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ' ఎంచుకుంటే లెక్కంతా క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) లోపలే తిరుగుతుంది, వేడి బాగా పుడుతుంది. ఫెయిలైనప్పుడు పెద్ద హడావిడేమీ ఉండదు. నా దగ్గర 41.5లో జరిగింది ఇదీ: మౌస్ కదులుతోంది, పాట వస్తోంది, ఐదు వర్కర్లు నడుస్తున్నాయి, ఒక్క వర్కర్ విండోలో మాత్రం 'హార్డ్‌వేర్ ఫెయిల్యూర్' అని ఒక వరస వచ్చి అది ఆగిపోయింది. మిగతా కోర్లు 80 దగ్గర ఉంటే ఆ ఒక్క కోరు చల్లబడిపోయింది. నేను తెర వైపు చూడకపోయి ఉంటే "గంటసేపు నడిచింది, బ్రహ్మాండం" అనుకునేవాణ్ణి. పెళ్లికొడుకు మొహం మీద డబ్బాలు వేసింది కూడా ఇలాంటి కోరే అయి ఉంటుంది.

ప్రైమ్95తో పాటు విండోస్ ఈవెంట్ వ్యూయర్ కూడా తెరవండి. సిస్టమ్ లాగ్‌లో 'వీయా లాగర్' పేరుతో ఎర్రర్లు ఉన్నాయా చూడండి. 19 నంబరు వస్తే తప్పు జరిగింది కానీ ప్రాసెసర్ తానే దిద్దుకుంది అని, 18 వస్తే దిద్దుకోలేకపోయింది అని. బయటికి మిషన్ ఎంత బాగున్నా, 19 ఒక్కటి కనిపించినా నేను ఆ సెట్టింగ్‌ని ఫెయిల్ కిందే రాస్తాను. ఆ ఎర్రర్‌లోనే కోరు ఐడీ ఉంటుంది. ప్రతిసారీ అదే ఐడీ వస్తుంటే మీ బలహీనమైన కోరు అదేనని తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. మా వీధిలో కరెంటు ఒక్క క్షణం పోయి వస్తుంటుంది. యూపీఎస్ లేకుండా పరీక్ష పెట్టి, రీస్టార్ట్ అయినప్పుడల్లా చిప్‌ని తిట్టుకోకండి. పాత ఎస్ఎంపీఎస్ (మిషన్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) ఉన్నా ఇదే తంటా.

డిసెంబరు రాత్రి మీరు ప్రైమ్95 గంటసేపు నడిపి, గదిలో 25, చిప్ మీద 79 చూశారనుకోండి. తేడా 54. గది వేడెక్కినా ఆ తేడా ఇంచుమించు అలాగే ఉంటుంది. కాబట్టి మా గదిలో మే నెల 38కి అది 92 అవుతుంది. 3600కి హద్దు 95. అక్కడికి చేరితే తనే స్పీడు తగ్గించుకుంటుంది. అయితే సమస్య 95 దగ్గర మొదలవదు. చిప్ వేడెక్కేకొద్దీ అదే స్పీడుకి ఇంకాస్త వోల్టేజ్ అడుగుతుంది. 79 దగ్గర 1.30 సరిపోయిన 4.2కి, 92 దగ్గర అదే 1.30 చాలలేదు. నేను మే నెలలో మధ్యాహ్నం రెండున్నరకి, ఏసీ ఆపేసి, తలుపు వేసి మళ్లీ పెట్టాను. చలికాలంలో గంట నడిచిన సెట్టింగ్ 23వ నిమిషంలో ఫెయిలైంది. మీకు ఎండాకాలం దాకా ఆగే ఓపిక లేకపోతే, గదిని వేడి చేయలేరు కాబట్టి కూలర్ ఫ్యాన్ స్పీడు తగ్గించి చిప్‌ని 90 దగ్గరికి తెచ్చి పరీక్షించండి. అచ్చం అదే కాదు గానీ దగ్గరగా ఉంటుంది.

గట్టి లోడు నిలిచాక తేలిక పనులు కూడా చూడాలి. రాత్రంతా ఖాళీగా వదిలేయండి. స్లీప్‌లో పెట్టి లేపండి. పొద్దున్నే స్విచ్ ఆపి ఉన్న మిషన్‌ని చల్లగా ఆన్ చేయండి. లోడు పడడం, దిగడం మధ్య కుదుపులో పడిపోయే మిషన్లు కొన్ని ఉంటాయి. చివర్లో మీ రోజువారీ పనినే పరీక్షగా పెట్టండి. నేనైతే 40 జీబీ ఫుటేజీ ఫోల్డర్‌ని 7-జిప్‌తో కుదించి, వెంటనే అందులోనే 'టెస్ట్' నొక్కుతాను. ఒక్క బిట్ తేడా వచ్చినా చెప్పేస్తుంది. తర్వాత పాత పెళ్లి ఒకటి పూర్తిగా రెండర్ చేసి, కూర్చుని చూస్తాను. ఎవరి పెళ్లో అడగకండి, ఆ సినిమా ఇప్పటికి పదకొండుసార్లు చూశాను.

మిషన్ అసలు ఆన్ అవ్వకపోతే కంగారు పడొద్దు. ఎస్ఎంపీఎస్ స్విచ్ ఆపి, బోర్డు మీద ఉండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి, ఐదు నిమిషాలాగి మళ్లీ పెడితే బయోస్ మొదటికొస్తుంది. దీనికి సర్వీసు చార్జీ కట్టొద్దు, నేను ఒకసారి కట్టాను.

ఇంత చేసి ఏం మిగిలిందంటే, 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ రోజులు కావు ఇవి. దానికి బస్ (మల్టిప్లయర్‌తో గుణించే మూల స్పీడు) 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 దగ్గర నడిచేది. ఇప్పుడు ఆ మిగులుని కంపెనీలే బూస్ట్ పేరుతో ముందే వాడేస్తున్నాయి. నా మే నెల సెట్టింగ్ 1.25 వోల్టుల మీద 4.1. మధ్యాహ్నం 38లో ప్రైమ్95 పెడితే 87 దాటలేదు, ఒక్క ఎర్రర్ లేదు. యాభై నిమిషాల రెండర్‌లో రెండు నిమిషాలు కలిసొస్తాయి. చలికాలంలో 4.2. బయోస్‌లో రెండూ రెండు ప్రొఫైళ్లుగా దాచుకున్నాను, పేర్లు 'మే', 'డిసెంబర్'. శివరాత్రికి చలి 'శివ శివ' అంటూ వెళ్లిపోతుందంటారు కదా, ఆ మర్నాడు మార్చేస్తాను.