నల్లా నీళ్లు తాగొచ్చా లేదా: హైదరాబాద్‌లో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

ముందు ఆ టీడీఎస్ మీటరు పక్కన పెట్టండి. ఆన్‌లైన్‌లో కొని, గ్లాసులో ముంచి, నంబరు తక్కువ వస్తే నీళ్లు బాగున్నాయనీ, ఎక్కువ వస్తే ఆర్వో (కరిగిన లవణాలను తీసేసే ఫిల్టర్ మెషీన్) పెట్టించాలనీ నిర్ణయించేసుకునే ఇళ్లు ఈ ఊళ్లో లెక్కలేనన్ని. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నున్నాయో సుమారుగా చెబుతుంది, అంతే. బిందెడు నీళ్లలో చెంచాడు మురుగు కలిసినా ఆ నంబరు కదలదు. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు దానికి కనపడవు. సీసానికీ ఆర్సెనిక్‌కీ తాగునీటి ప్రమాణం (ఐఎస్ 10500) పెట్టిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, అంత చిన్న తేడా ఆ మీటరు పట్టుకోలేదు. నల్లా నీళ్ల విషయంలో మీరు మొదట చూడాల్సింది క్లోరిన్ ఉందా లేదా అని.

ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా మీరే ఊహించుకోగలరు. మనం అలవాటుగా మంజీరా నీళ్లు అంటాం గానీ, ఇప్పుడు ఊళ్లోకి వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం కృష్ణావి, గోదావరివి. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తాయి. శుద్ధి కేంద్రంలో పటిక వేసి మట్టి దించి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి పంపుతారు. అక్కడిదాకా పెద్దగా భయపడాల్సింది లేదు. చిక్కంతా మీ వీధిలోకి వచ్చాక మొదలవుతుంది. చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు, అదీ కాసేపే నీళ్లు వదులుతారు కదా, మిగతా సమయమంతా పైపు ఖాళీగా, ఒత్తిడి లేకుండా ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పైపుకు చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. ఖాళీగా ఉన్నప్పుడు అదే చిల్లులోంచి బయటి తడి లోపలికి ఊరుతుంది. పక్కనే డ్రైనేజీ లైను పోతుంటే ఆ ఊరేది ఏమిటో చెప్పక్కర్లేదు. దీనికి తోడు కొందరు నల్లా పైపుకే మోటారు బిగించి లాగుతారు. అలా లాగినప్పుడు లైనులో ఒత్తిడి ఇంకా పడిపోయి, పక్క చిల్లుల్లోంచి మురుగును కూడా లోపలికి గుంజుతుంది. మీ ఇంట్లో ఆ మోటారు ఉంటే ఈ రోజే తీసేయండి. అది చట్టవిరుద్ధం మాత్రమే కాదు, మీ పక్కింటి పిల్లలు తాగే నీళ్లను పాడు చేస్తోంది.

ఇదేదో ఊహ కాదు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో తాగునీళ్లలో మురుగు కలిసి జనం చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ బస్తీ నగరం నడిబొడ్డున, ముషీరాబాద్ పక్కనే ఉంది.

సరే, ఇక పనిలోకి.

క్లోరిన్ పరీక్ష కిట్ ఒకటి కొనుక్కోండి, చిన్నదే, ఖరీదు కూడా వందల్లోనే. నీళ్లు నింపి చుక్కలో మాత్రో వేస్తే రంగు వస్తుంది, ఆ రంగును పక్కనున్న చార్టుతో పోల్చుకోవాలి. పసుపు రంగు వచ్చే రకం ఒకటి, గులాబీ రంగు వచ్చే రకం ఒకటి ఉన్నాయి. పసుపు రకంలో వాడే రసాయనం మంచిది కాదు, అందుకే గులాబీ రకమే తీసుకోండి. ఏది కొన్నా పరీక్ష చేసిన నీళ్లు పారబోయాలి, పిల్లలకు అందనివ్వొద్దు. ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, 1 దాటకపోతే మంచిది.

పరీక్ష ఒక్కచోట చేసి ఊరుకోవద్దు, ఇక్కడే అసలు కిటుకు ఉంది. నీళ్లు వదిలిన రోజు మూడు చోట్ల చేయండి: నీళ్లు సంపులో పడేచోట నల్లా నుంచి నేరుగా పట్టి ఒకటి, సంపులోంచి తీసి ఒకటి, వంటింటి కుళాయిలో ఒకటి. నల్లా దగ్గరే క్లోరిన్ సున్నా వస్తే లోపం లైనుదన్నమాట, ఆ నీళ్లు తాగొద్దు, వెంటనే ఫిర్యాదు చేయండి. నల్లా దగ్గర బాగానే ఉండి సంపులోకో, పైన ట్యాంకులోకో వచ్చేసరికి మాయమైతే, లోపం మీ ఇంట్లోనో మీ అపార్ట్‌మెంట్‌లోనో ఉంది. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, శుభ్రంగా ఉన్న ట్యాంకులో కూడా నీళ్లు ఒకటి రెండు రోజులు నిలవుంటే క్లోరిన్ దానంతటదే తగ్గిపోతుంది. కాబట్టి ట్యాంకులో సున్నా వచ్చిందంటే మురుగు కలిసిపోయిందని గాభరా పడక్కర్లేదు, ఆ నీళ్లకు ఇప్పుడు రక్షణ లేదని అర్థం చేసుకుంటే చాలు.

క్లోరిన్ లేదని తేలితే రెండో పరీక్ష చేయాలి. నీళ్లలో మలం కలిసిందేమో చూసే హెచ్‌టూఎస్ సీసాలని దొరుకుతాయి. చిన్న సీసా, లోపల పొడి గానీ కాగితం ముక్క గానీ ఉంటుంది. చేతులు కడుక్కుని, మూత లోపలి వైపు ముట్టుకోకుండా గీత దాకా నీళ్లు పోసి, ఇంట్లోనే ఓ మూల ఒకటి రెండు రోజులు పెట్టండి. నీళ్లు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాల్సిందే. నల్లబడకపోతే అప్పటికి ఊపిరి పీల్చుకోవచ్చు, అంతకు మించి హామీ కాదు. కొన్ని బోరు నీళ్లలో సహజంగానే కుళ్లిన గుడ్ల వాసన ఉంటుంది, అలాంటి నీళ్లకు ఈ సీసా తప్పుగా నలుపు చూపించగలదు. నల్లబడిన సీసాను అలాగే సింకులో ఒంపకండి, బ్లీచింగ్ కలిపిన నీళ్లు కొంచెం పోసి కాసేపు ఉంచి, ఆ తర్వాత టాయిలెట్‌లో పారబోయండి.

కంటితో చూసి కూడా కొంత పట్టుకోవచ్చు. గ్లాసులో పాలలా తెల్లగా వచ్చి నిమిషంలో కింది నుంచి తేటపడితే అది గాలి, దాని గురించి టెన్షన్ వద్దు. ఎర్రగా, గోధుమ రంగులో వస్తే ఎక్కువగా పాత ఇనుప పైపుల తుప్పు. నల్లగా, నురగతో, మురుగు వాసనతో వస్తే ఏ పరీక్షా అక్కర్లేదు, వాల్వ్ కట్టేసి సంపులోకి పోకుండా ఆపండి. నీళ్లు వదిలిన మొదటి ఐదు నిమిషాలు వచ్చేవి ఎప్పుడైనా అనుమానించదగ్గవే, పైపులో ఊరినదంతా వాటితోనే వస్తుంది. వాటిని బకెట్లలో పట్టి నేల కడగడానికి వాడుకుని, ఆ తర్వాతే సంపులోకి వదలండి. అపార్ట్‌మెంట్‌లో అయితే ఈ పని వాచ్‌మన్‌కు ఒకసారి దగ్గరుండి చూపించాలి, చెప్తే సరిపోదు.

ఇప్పుడు సంపు సంగతి. నీళ్ల భద్రత గురించి వేలు ఖర్చు పెట్టే మనం సంపు మూత ఎత్తి చూసి ఎన్నాళ్లయిందో ఆలోచించాలి. మూత పార్కింగ్ నేలకు సమానంగా ఉందా? అలా ఉంటే కారు కడిగిన నీళ్లు, వాన నీళ్లు నేరుగా అందులోకే. 2020 అక్టోబరు వరదల్లో ఎన్నో కాలనీల సంపులు మురుగుతో నిండాయి. మూత చుట్టూ నాలుగైదు అంగుళాల గట్టు కట్టించి, అంచులు కప్పేలా ఉండే మూత పెట్టించండి. డ్రైనేజీ ఛాంబరు సంపుకు ఆనుకుని ఉంటే, ఛాంబరు నిండినప్పుడు సంపు గోడ పగుళ్లలోంచి ఊరుతుంది. దాన్ని కనిపెట్టడం తేలిక: సంపు ఖాళీ చేసిన రోజు ఒక పూట అలాగే వదిలేసి, గోడల మీద చెమ్మ ఎటువైపు నుంచి వస్తోందో చూడండి.

కడగడానికి మనిషిని లోపలికి దింపే ముందు మూత తీసి గంటల తరబడి గాలి ఆడనివ్వండి. పైన ఒకరు నిలబడి ఉండకుండా ఎవరినీ దింపొద్దు, నడుముకు తాడు లేకుండా అసలే వద్దు. మూసి ఉన్న సంపుల్లో ఊపిరాడక మనుషులు చనిపోతున్నారు, కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా. కూలి ఇస్తున్నాం కదా అని ఈ జాగ్రత్త వదిలేయడం ఘోరం.

కడిగాక, కొత్త నీళ్లకు క్లోరిన్ వేసే లెక్క ఇది. సంపు పొడవు, వెడల్పు, నీళ్ల లోతు అడుగుల్లో కొలిచి మూడూ గుణించి, మళ్లీ 28 పెట్టి గుణిస్తే లీటర్లు వస్తాయి. వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు. అంటే 5,000 లీటర్ల సంపుకు 12 లేదా 13 గ్రాములు, వంటింటి త్రాసు మీద తూచి వేయండి, చేతి లెక్క వద్దు. ముందు బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేట మాత్రమే సంపులో పోయాలి. గంట ఆగి క్లోరిన్ పరీక్ష చేసి, 0.2 కంటే తక్కువుంటే ఇంకొంచెం కలపాలి. పాత ప్యాకెట్‌లో బలం ఉండదు, గాలి తగిలితే క్లోరిన్ ఎగిరిపోతుంది, అందుకే చిన్న ప్యాకెట్లు కొని బిగుతుగా మూసి పెట్టుకోండి. బాత్‌రూమ్ యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలవనివ్వొద్దు, విషవాయువు వస్తుంది. క్లోరిన్ వాసన నచ్చకపోతే తాగే నీళ్లు పట్టి కాసేపు మూత తీసి ఉంచండి, కొంత తగ్గుతుంది.

తాగడానికి ఏం చేయాలి అంటే, నల్లా నీళ్లు మాత్రమే వాడే ఇంటికి కాచడమే అన్నిటికంటే నమ్మకమైనది. బుడగలు తెరలు తెరలుగా పొంగడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు, పావుగంట మరిగించి గ్యాస్ తగలేయక్కర్లేదు. కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లారనివ్వండి. వేరే బిందెలోకి ఒంపి, అందులో చెయ్యి ముంచి గ్లాసుతో తీస్తే కాచిన ఫలితం పోతుంది. పటిక తిప్పితే మట్టి దిగుతుంది, అన్ని క్రిములూ చావవు. గుడ్డతో వడగట్టడమూ అంతే.

మెషీన్ కొనేవాళ్లకు: క్రిములే సమస్య అయితే యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత వెలుతురు), యూఎఫ్ (క్రిములను ఆపే సన్నని వడపోత పొర) ఉన్నది చాలు. యూవీకి నీళ్లు తేటగా ఉండాలి, మట్టిగా ఉంటే వెలుతురు క్రిముల దాకా చేరదు. ఆర్వో అవసరం బోరు నీళ్లకు వస్తుంది. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో అక్కర్లేదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది. అది వదిలే వృథా నీళ్లు కూడా తక్కువేం కావు, వాటిని బకెట్‌లో పట్టి వాడుకోండి. ఇంకో సంగతి, ఫిల్టర్‌లోని కార్బన్ క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి మెషీన్ ట్యాంకులో నిలవున్న నీళ్లకు రక్షణ లేదు. ఊరెళ్లి వచ్చాక ఆ ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, మళ్లీ పట్టుకుని తాగండి.

బోరు కథ పూర్తిగా వేరు. ఫ్లోరైడ్, నైట్రేట్ ఉన్న నీళ్లు రుచిలో తేడా తెలియవు, కాచితే పోవు సరికదా నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో నల్లగొండ జిల్లాను చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారే లేకపోతే 1.5 వరకు. నైట్రేట్ 45 దాటితే ఆరు నెలల లోపు పసిపిల్లలకు ప్రమాదం, ఒంట్లో ఆక్సిజన్ అందక నీలంగా మారిపోతారు. పాలపొడి కలపడానికి పరీక్ష చేయించని బోరు నీళ్లు వాడొద్దు. ఈ రెండూ ఇంట్లో సరిగ్గా తేలవు, ల్యాబుకు ఇవ్వాలి. నారాయణగూడలోని ఐపీఎంలో (ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) నీళ్ల పరీక్షలు చేస్తారు. ఫ్లోరైడ్, నైట్రేట్, గట్టిదనం, కోలిఫాం (మురుగు కలిసిందేమో చెప్పే బ్యాక్టీరియా) అని పేర్లు పెట్టి అడగండి, ఊరికే 'నీళ్లు టెస్ట్ చేయండి' అనొద్దు. కోలిఫాంకు సీసా వాళ్లిచ్చేదే వాడాలి. బోరు, నల్లా రెంటినీ ఒకే సంపులోకి వదిలే అపార్ట్‌మెంట్లు ముందు ఆ అలవాటు మానాలి, అలా కలిపితే నల్లా నీళ్లలో ఉన్న కాస్త క్లోరిన్ కూడా ఖర్చైపోతుంది. నల్లా నీళ్లకు విడిగా చిన్న ట్యాంకు పెట్టి, ప్రతి వంటింటికీ ఒక కుళాయి ఇస్తే చాలు.

మురుగు వచ్చిందని తేలితే జలమండలి 155313కు ఫోన్ చేయండి. బిల్లు మీదుండే క్యాన్ నంబరు, ఎన్ని గంటలకు వచ్చాయో, పక్క నాలుగిళ్లలో ఎలా ఉన్నాయో చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. రెండు సీసాల్లో నీళ్లు పట్టి ఉంచి ఫోటో తీయండి. లైన్‌మన్ వస్తే క్లోరిన్ మీ కళ్ల ముందే చూడమనండి, బాగయ్యేదాకా ట్యాంకరు పంపమని అడగండి. ఒక్క మీ ఇంట్లోనే వస్తే మెయిన్ లైను నుంచి మీ ఇంటికి వచ్చే చిన్న పైపు మీద అనుమానం పెట్టుకోండి, పాత ఇనుప పైపు మురికి కాలువ దాటే చోటే ఎక్కువగా తుప్పు పట్టి చిల్లు పడుతుంది. ఈలోగా ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపండి. గర్భిణులకు కామెర్లు కనపడితే ఒక్క రోజు కూడా ఆగొద్దు, నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్-ఈ వాళ్ల ప్రాణాలకే ముప్పు.

లైను బాగు చేశాక చాలామంది వెంటనే తాగడం మొదలుపెడతారు, కానీ సంపులో, పైన ట్యాంకులో పాత నీళ్లు అలాగే ఉంటాయి. అవన్నీ పారబోసి, కడిగి, ఈసారి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లెక్కన నింపండి. ఇంట్లో ప్రతి కుళాయీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, రాత్రంతా అలా ఉంచి, ఆ నీళ్లు తాగకుండా పూర్తిగా వదిలేయండి. ఫిల్టర్ మెషీన్‌లోకి మాత్రం ఆ నీళ్లు పోకుండా ముందే దాని వాల్వ్ కట్టేసుకోండి, లోపలి క్యాండిల్స్ కొత్తవి వేశాకే మళ్లీ తెరవండి.