ఆరాధనలో ప్రవచనం: చెప్పడం, వివేచించడం, సరిదిద్దడం

దేవుడు మనసులో ఉంచిన మాటను సంఘానికి చెప్పే ప్రవచన వరం నేటికీ ఉందని నమ్మే సంఘాల్లో చాలాచోట్ల ఒక మెట్టు జారిపోతోంది. ఎవరో లేచి మాట చెబుతారు. అందరూ ‘ఆమేన్’ అంటారు. వెంటనే పాట అందుకుంటారు. ఆ మాట ప్రభువు నుంచి వచ్చిందా, చెప్పినవారి మనసులోంచి వచ్చిందా అని ఎవరూ అడగరు. పౌలు మాత్రం ఈ రెండు పనుల్నీ ఒకే వచనంలో కట్టిపెట్టాడు: ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడవచ్చు, తక్కినవాళ్లు వివేచించాలి (1 కొరింథీ 14:29). వివేచన లేని చోట కొన్నాళ్లు ప్రవచనాలు హద్దు మీరతాయి. తర్వాత ఒకటి రెండు దెబ్బలు తగిలాక అసలు ప్రవచనమంటేనే భయం పుడుతుంది. ఆత్మను ఆర్పవద్దు, ప్రవచనాలను నిర్లక్ష్యం చేయవద్దు, అన్నిటినీ పరీక్షించండి అని థెస్సలొనీకయులకు రాసిన మాటలు పక్కపక్కనే ఉండడానికి కారణం ఇదే.

అపొస్తలుల కాలంతోనే ఈ వరం ఆగిపోయిందని నమ్మే సంఘాలూ ఉన్నాయి. ఆ చర్చ 1 కొరింథీ 13:8–10 దగ్గర మొదలవుతుంది, దాన్ని ఇక్కడ తేల్చడం లేదు. ఈ సూచనలు కూడికలో ప్రవచనానికి చోటిచ్చే కాపరులకు, పెద్దలకు, ఆ మాటలు చెప్పే విశ్వాసులకు.

కూడికకు ముందు

మొదట బోధ. 1 కొరింథీ 12, 13, 14 అధ్యాయాలను వరుసగా కొన్ని వారాలు బోధించాకే మైకు తెరవండి. ప్రవచనం క్షేమాభివృద్ధి, హెచ్చరిక, ఆదరణ కోసమని (14:3) ప్రతి విశ్వాసికీ నోటికి రావాలి. సోది చెప్పించుకున్నట్టు ‘నాకేమైనా మాట ఉందా’ అని వచ్చి నిలబడే అలవాటు బోధ లేనిచోటే పెరుగుతుంది.

తర్వాత ఏర్పాటు. వాక్యం బాగా తెలిసిన పెద్దలు ఇద్దరు ముగ్గురు ముందు వరుసలో కూర్చోవాలి. మాట ఉందనుకున్నవారు ముందు వాళ్ల దగ్గరకొచ్చి చెవిలో చెప్పాలి. పెద్దల దగ్గర ఒక నోటుపుస్తకం ఉండాలి: తేదీ, పేరు, చెప్పిన మాట, పెద్దల నిర్ణయం. రాయని మాట మూడు వారాల్లో రూపం మార్చుకుంటుంది. ‘ఇబ్బందులు వస్తాయి జాగ్రత్త’ అన్నది ‘ఫలానాది ముందే చెప్పాడు’ అయిపోతుంది.

స్త్రీలు చెప్పవచ్చా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పౌలు 1 కొరింథీ 11:5లో స్త్రీ ప్రవచించడాన్ని ఉన్న విషయంగానే ప్రస్తావించాడు. ఫిలిప్పు నలుగురు కుమార్తెలు ప్రవచించేవారని అపొస్తలుల కార్యములు 21:9 చెబుతోంది. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలనే 1 కొరింథీ 14:34ను ఎలా అర్థం చేసుకోవాలన్నది మీ పెద్దలు ముందే తేల్చుకుని సంఘానికి చెప్పాలి, కూడిక మధ్యలో కాదు.

కొత్తగా వచ్చినవారికి వెంటనే మైకు ఇవ్వకండి. మాటతోపాటు మనిషి ఫలాలనూ చూడాలి, తెలియని మనిషి ఫలాలు చూడలేం. తొలినాటి సంఘ బోధనా గ్రంథం డిడాకే ఈ విషయంలో చాలా కచ్చితం. తిరుగుతూ వచ్చే అపొస్తలుడు ఒక రోజు, అవసరమైతే రెండో రోజు ఉండవచ్చు, మూడు రోజులు ఉంటే అబద్ధ ప్రవక్త. ఆత్మలో మాట్లాడుతున్నానంటూ తనకు డబ్బివ్వమంటే వినవద్దు, అవసరంలో ఉన్న ఇతరులకు ఇవ్వమంటే తీర్పు తీర్చవద్దు. ప్రవచనాన్నీ కానుకనూ ఒకే నిమిషంలో పెట్టే సభలకు ఈ ఒక్క కొలత చాలు.

చెప్పేవారికి

మనసులో వాక్యమో దృశ్యమో మెదిలినప్పుడు మొదట అడగాల్సింది: ఇది ఎవరికి? చాలాసార్లు అది మీకే. ఎవరో ఒకరికైతే కూడిక అయ్యాక, ఒక పెద్ద తోడుగా ఉండగా విడిగా చెప్పండి. సంఘమంతటికీ అనిపిస్తేనే రెండు మూడు వాక్యాల్లో రాసుకుని పెద్దల దగ్గరకు వెళ్లండి. రాయడానికి కుదరనంత మసకగా ఉంటే ఇంకా సమయం రాలేదని అర్థం.

రెండు నిమిషాలు దాటకండి. అసలు మాట ముప్పై సెకన్లలో అయిపోతుంది, తర్వాత సాగేదంతా ప్రసంగం.

భాష గురించి గట్టిగా చెప్పాలి. మామూలుగా ‘ఏవండీ, బాగున్నారా’ అని పలకరించే మనిషి మైకు పట్టగానే ‘నా బిడ్డలారా, నేను మీతో చెప్పుచున్నాను’ అని గ్రాంథికంలోకి వెళ్లిపోతారు, గొంతు వణుకుతుంది. కావాలని చేసేది కాదు, విని విని అబ్బిన అలవాటు. కానీ దేవుడే ‘నేను’ అని మాట్లాడుతున్నట్టు వినిపిస్తే ఇక పరిశీలించే ధైర్యం ఎవరికుంటుంది? కార్యములు 21లో ప్రవక్త అగబు ‘పరిశుద్ధాత్మ చెప్పుచున్నాడు’ అన్న మాట నిజమే, కాబట్టి అలా అనడమే పాపమనలేం. అయితే దేవుడు ఆజ్ఞాపించని మాటను ఆయన పేరిట చెప్పడం ఎంత భారమో ద్వితీయోపదేశకాండము 18:20లో ఉంది. ‘ప్రభువు ఈ మాట నా మనసులో ఉంచాడని అనుకుంటున్నాను, పరిశీలించండి’ అని మీ ఇంటి భాషలోనే చెప్పండి. నిజంగా ప్రభువు మాటైతే దాని బలం ఏమీ తగ్గదు.

‘ఆత్మ వచ్చేసింది, ఆపుకోలేకపోయాను’ అనే సమాధానాన్ని పెద్దలు ఒప్పుకోకూడదు. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలో ఉంటాయి (1 కొరింథీ 14:32). పక్కవారికి ఏదైనా బయలుపడితే మొదటివాడు మౌనంగా ఉండాలని పౌలు అన్నాడంటే, ఆపడం సాధ్యమనే కదా. రెండో శతాబ్దంలో ఫ్రుగియలో (నేటి టర్కీలో) ప్రవచనాల చుట్టూ పుట్టిన మొంటానస్ ఉద్యమం మీద వచ్చిన అభ్యంతరాల్లో ఈ ఒళ్లు తెలియని మాటతీరూ ఒకటి.

మైకులో ఎప్పుడూ చెప్పకూడనివి: ఎవరిని పెళ్లి చేసుకోవాలి, ఎప్పుడు గర్భం వస్తుంది, ఎవరు చనిపోతారు, ఏ ఆస్తి అమ్మాలి, ఫలానా తేదీకి ఏమవుతుంది, పేరుపెట్టి ఒకరి పాపం. మందులు మానేయమని అసలే చెప్పకూడదు, విడిగా కూడా. మొదటివి తప్పైతే మనసులు, కాపురాలు నలుగుతాయి. ఈ చివరిది తప్పైతే ప్రాణం పోతుంది.

కూడికలో

ఆరాధన పాటలు అయ్యాక, వాక్య పరిచర్యకు ముందు మూడు నాలుగు నిమిషాల మౌనం ఉంచండి. ఆ సమయంలోనూ, ప్రవచనం చెబుతున్నప్పుడూ కీబోర్డు ఆపాలి. మెల్లగా ఎత్తుకుంటూ పోయే సంగీతం కింద ఏ మాటైనా లోతుగా వినిపిస్తుంది. సంగీతం లేకుండా అదే మాట నిలబడుతుందో లేదో వినాలి.

ఒకరి తర్వాత ఒకరు, ముగ్గురితో ఆపండి. నాలుగోవారు ఉంటే నోటుపుస్తకంలో రాయించి వచ్చే వారానికి ఉంచండి. ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడేవారికి అర్థం చెప్పేవారు లేకపోతే మౌనంగా ఉండాలన్న నియమం (1 కొరింథీ 14:28) కూడా ఇక్కడే వర్తిస్తుంది.

వివేచన

ముగ్గురూ చెప్పాక కూడిక నడిపే పెద్ద ‘మూడు మాటలు విన్నాం, పరిశీలిద్దాం’ అని పైకే అనాలి. పరిశీలనలో మూడు పొరలు విడదీయండి: ఏం బయలుపడింది, దాని అర్థం ఏమిటి, అయితే ఏం చేయాలి. తప్పు ఎక్కువగా మూడో పొరలో దూరుతుంది.

కార్యములు 21:10–14 నెమ్మదిగా చదవండి. అగబు పౌలు నడికట్టు తీసుకుని తన చేతులూ కాళ్లూ కట్టుకున్నాడు. ఈ నడికట్టు గల మనుష్యుణ్ణి యెరూషలేములో యూదులు ఇలా బంధించి అన్యజనులకు అప్పగిస్తారన్నాడు. అంతే. ‘వెళ్లవద్దు’ అని అగబు అనలేదు. ఆ మాట అన్నది విన్నవాళ్లు, ఏడుస్తూ, ప్రేమతో. పౌలు వెళ్లాడు. బయలుపాటు ఒకటి, దాన్నుంచి మనుషులు తీసిన ముగింపు మరొకటి. మీ కూడికలో ఎవరైనా ‘తుఫాను కనిపించింది, కాబట్టి ఈ పని ఆపేయాలి’ అంటే ఆ ‘కాబట్టి’ దగ్గర ఆగండి.

తర్వాత అడగాల్సినవి: లేఖనానికి ఎదురు వెళ్తోందా? క్రీస్తును హెచ్చిస్తోందా, చెప్పినవారినా? చెప్పినవారికి దీనివల్ల లాభముందా? మనం వినాలనుకున్నదే చెబుతోందా? చివరి ప్రశ్నకు యిర్మీయా 28 చూడండి. బబులోనుకు పట్టుకుపోయిన మందిర ఉపకరణాలు రెండేళ్లలో తిరిగొస్తాయని హనన్యా అనే ప్రవక్త చెప్పినప్పుడు యిర్మీయా కూడా ‘ఆమేన్, యెహోవా అలాగే చేయుగాక’ అన్నాడు. వినడానికి తియ్యగా ఉంది, కానీ అది అబద్ధం.

పెద్దలు చెప్పే నిర్ణయం స్పష్టంగా ఉండాలి: ‘స్వీకరిస్తున్నాం’, ‘ఇంకా ప్రార్థిస్తాం’, లేదా ‘ఇది పక్కన పెడుతున్నాం’. స్వీకరించిన మాట పనిలోకి దిగాలి. అగబు కరవు గురించి చెప్పినప్పుడు అంతియొకయ శిష్యులు ప్రతివారూ తమ శక్తికొద్దీ యూదయకు సహాయం పంపారు (కార్యములు 11:28–30).

తప్పు జరిగితే

మైకులోనే హద్దు దాటితే పెద్ద లేచి ఒక్క వాక్యంలో ఆపాలి: ‘తమ్ముడూ, ఇంతవరకు చాలు, మిగతాది మనం మాట్లాడుకుందాం.’ వివరణ, మందలింపు విడిగా, అదే రోజు. అందరి ముందు అవమానిస్తే ఆ మనిషే కాదు, కొత్తగా నేర్చుకుంటున్న పదిమంది నోళ్లూ మూతపడతాయి.

చెప్పింది జరగకపోతే, ఎవరి ముందు చెప్పారో వాళ్ల ముందే ‘నేను పొరబడ్డాను’ అని ఒప్పుకోవాలి. ‘మీ విశ్వాసం చాలలేదు’ అని విన్నవారి మీదకు నెట్టడాన్ని ఒక్కసారి కూడా ఊరుకోకండి. ఇప్పటికే గాయపడ్డవారికి అది రెండో గాయం.

మూడు నెలలకోసారి పెద్దలు నోటుపుస్తకం తెరిచి ప్రతి మాటకూ ఎదురుగా ఏమైందో రాయాలి. వరుసగా పొరబడుతున్నవారిని కొంతకాలం మైకుకు దూరంగా ఉంచి, వాక్యంలో ఒక పెద్దతో కూర్చోబెట్టండి. నెరవేరినవాటిని చెప్పినవారి పేరు లేకుండా సంఘంలో చదివి ప్రభువుకు స్తోత్రం చెల్లించండి.