ఇంట్లో చేసి నేర్చుకునే వైద్య విజ్ఞానం – 4వ పాఠం: ఓఆర్ఎస్ కలపడం, తాగించడం

కిందటి పాఠంలో థర్మామీటర్ చదవడం నేర్చుకున్నాం. ఈసారి వాంతులు, విరేచనాలు పట్టుకున్న మనిషికి ఓఆర్ఎస్, అంటే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు, సరిగ్గా కలిపి తాగించడం నేర్చుకుందాం. ఇందులో నేర్చుకునేదేముంది అనిపిస్తుంది. ఉంది. అంతా కొలతలోనే ఉంది.

వానాకాలం వాగులు పొంగితే మన ములుగు, భూపాలపల్లి వైపు కొన్ని ఊళ్లకు దారే ఉండదు. దవాఖానకు చేరేదాకా మనిషి ఒంట్లో నీళ్లు నిలబెట్టాల్సింది ఇంట్లోవాళ్లే. గత్తర (కలరా) వచ్చిందంటే మన పెద్దలు ఎందుకంత భయపడేవాళ్లో తెలుసు కదా, పొద్దున బాగున్న మనిషి రాత్రికి ఉండేవాడు కాదు. ఒంట్లోని నీళ్లు, ఉప్పు గంటల్లో బయటికి పోవడమే ఆ చావుకు కారణం.

పోయిన ఉప్పునీళ్లను నరంలోకి ఎక్కించవచ్చని 1832లో స్కాట్లండ్ డాక్టర్ థామస్ లాటా చూపించాడు. సెలైన్ అక్కడ మొదలైంది. కానీ దానికి సీసా కావాలి, సూది కావాలి, ఎక్కించడం తెలిసిన మనిషి కావాలి. నోటితో తాగించి బతికించవచ్చని కలకత్తా డాక్టర్ హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లోనే రాశాడు, కానీ అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అది ఎలా పనిచేస్తుందో 1960లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ వివరించాడు. పేగు గోడలో ఉప్పులోని సోడియాన్ని, గ్లూకోజును కలిపి లోపలికి లాక్కునే దారి ఒకటుంది. కాడికి రెండెడ్లు కట్టినట్టు, రెండూ ఉంటేనే ఆ దారి నడుస్తుంది. అవి లోపలికి పోతే వాటి వెంట నీళ్లూ పోతాయి. గత్తరలో పేగు ఎంత దెబ్బతిన్నట్టు కనిపించినా ఈ దారి మూసుకుపోదు. ఈ ఒక్క సంగతి మీదే ఓఆర్ఎస్ మొత్తం ఆధారపడి ఉంది.

1968లో ఢాకాలో అమెరికా డాక్టర్లు డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ దీన్ని రోగుల మీద పరీక్షించి నిరూపించారు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో గత్తర చెలరేగి, సెలైన్ సీసాలు అయిపోవస్తుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ చక్కెర జాతి గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించాడు. రోగుల పక్కనున్న అమ్మలు, అన్నలు, చెల్లెళ్లే కప్పులతో పట్టి తాగించారు. అంతకుముందు అక్కడ నూటికి 30 మంది దాకా చనిపోతుంటే, ఆ తర్వాత నలుగురి లోపుకు దిగింది. చదువుతో పనిలేకుండా ఇంటివాళ్లే చేయగలరని అక్కడే తేలింది. ఆయన చనిపోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికుండగా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఇక పని మొదలుపెడదాం. ప్యాకెట్ దొరికితే ప్యాకెట్టే వాడండి, అందులో పొటాషియం, సిట్రేట్ కూడా ఉంటాయి. మీద ఎన్ని నీళ్లలో కలపాలో రాసి ఉంటుంది, ముందు అది చదవండి. లీటరుకు ఉద్దేశించిన ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో వేసి ఇవ్వకూడదు. సగం చింపి, మిగతాది దాచుకుని, రేపు కలుపుకోవడం కూడా వద్దు. 

ప్యాకెట్ లేనప్పుడు లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఇక్కడ చెంచా అంటే 5 మిల్లీలీటర్లది. మన ఇళ్లలోని స్టీలు చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు ఉంటాయి కాబట్టి దగ్గు సిరప్ మీద వచ్చే ప్లాస్టిక్ మూత తీసుకోండి. దాని మీద 5, 2.5 గీతలు ఉంటాయి. కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. చక్కెర 5 గీత దాకా ఆరుసార్లు, మెత్తటి ఉప్పు 2.5 గీత దాకా ఒక్కసారి. మూతను నేలమీద పెట్టి, కళ్లు గీతకు సమానంగా ఉంచి చూడండి. దొడ్డుప్పు వద్దు, పలుకుల మధ్య ఖాళీ ఉండి కొలత తప్పుతుంది. నీళ్లకు లీటరు వాటర్ బాటిల్ చాలు. నీళ్లు ముందే కాచి చల్లార్చుకోవాలి, కలిపాక కాచకూడదు. రుచి చూస్తే కన్నీళ్లకంటే ఉప్పగా ఉండొద్దు. ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. 24 గంటలు దాటితే మిగిలింది పడేయాలి.

బలం వస్తుందని ఇంకో రెండు చెంచాల చక్కెర వేసేవాళ్లున్నారు. దయచేసి వేయకండి. చక్కెర ఎక్కువైతే పేగు ఒంట్లోని నీళ్లనే తనలోకి లాగి విరేచనాలు పెంచుతుంది. అందుకే 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ప్యాకెట్‌లో గ్లూకోజును లీటరుకు 20 గ్రాముల నుంచి 13.5కు, ఉప్పును 3.5 నుంచి 2.6కు తగ్గించాయి. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు కూడా ఇదే కారణంతో పనికిరావు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని అమ్మే తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

తాగించేటప్పుడు తొందర వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా. పదేళ్లలోపు వాళ్లకు 100 నుంచి 200. పెద్దవాళ్లు తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. జావ, మెత్తటి అన్నం పెట్టొచ్చు. పిల్లలకు జింక్ బిళ్లలు ఆశా కార్యకర్తను అడగండి.

మధ్యమధ్యలో ఒళ్లు చూడాలి. పిల్ల పొట్ట మీద, బొడ్డుకూ పక్కకూ మధ్యలో, చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే మేలు. రెండు సెకన్లు దాటినా మడత అలాగే నిలబడితే ఇంటి పని అయిపోయినట్టే, వెంటనే దవాఖానకు. కళ్లు లోతుకు పోయినా, మగతగా పడున్నా, తాగలేకపోయినా, మూత్రం ఆగినా, విరేచనంలో నెత్తురు కనిపించినా అంతే. దారిలో కూడా తాగిస్తూనే ఉండండి.

ఎవరికీ ఏమీ కాని రోజునే ఈ వారం సాధన చేయండి. సిరప్ మూత వెతికి, మీ ఇంటి చెంచాతో పోల్చి చూసి, లీటరు కలిపి ఇంట్లో అందరితో రుచి చూపించండి. చర్మం మడత పరీక్ష మీ పిల్లల మీద ఇప్పుడే చేస్తే, బాగున్న ఒళ్లు ఎంత త్వరగా సర్దుకుంటుందో చేతికి తెలుస్తుంది. వచ్చే పాఠంలో నాడి పట్టి లెక్కపెట్టడం నేర్చుకుందాం. సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి దగ్గర పెట్టుకోండి.