తీగ గుబురుగా ఉంది, పూలు లేవు: హనీసకిల్, రాధామనోహరం సమస్యలు - పరిష్కారాలు

టెక్కలిలో మా ఇంటి గేటు మీద రాధామనోహరం, వెనక దొడ్డిలో బావి పక్కన హనీసకిల్ ఉన్నాయి. వాన వెలిసిన సాయంత్రం ఆ దారిన వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర ఆగి తమ ఇంట్లోని తీగ గురించి అడుగుతారు. పూయడం లేదనో, ఆకు పండిపోతోందనో చెప్పి, వెంటనే ఏ మందు కొట్టాలో చెప్పమంటారు. నేను మాత్రం ముందు రెండు ఆకులు కోసుకురమ్మంటాను, ఒకటి కొస నుంచి, ఇంకొకటి మొదలు నుంచి. సగం రోగం ఆ రెండు ఆకుల్లోనే తెలిసిపోతుంది. చాలాసార్లు మందు అవసరమే ఉండదు.

హనీసకిల్ అని కొన్నాం, పూలు ఎర్రబడుతున్నాయి

మీరు కొన్నది రాధామనోహరం. దానికి రంగూన్ క్రీపర్ అనే పేరుతో పాటు చైనీస్ హనీసకిల్ అనే పేరు కూడా ఉంది. ఆ పేరే నర్సరీల్లో గందరగోళానికి మూలం. నిజానికి ఈ రెండు మొక్కలకూ చుట్టరికం లేదు.

పువ్వు చూస్తే ఇట్టే తేల్చవచ్చు. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత ఎర్రబడుతుంది. పొడవాటి కాడకు అయిదు రేకులుంటాయి, గుత్తి కిందికి వేలాడుతుంది. మన వైపు ఎక్కువగా దొరికే జపాన్ రకం హనీసకిల్ కూడా తెల్లగానే పూస్తుంది, కానీ పసుపు రంగుకు మారుతుంది. పూలు ఆకు మొదట్లో జంటగా వస్తాయి, ఒక్కో పువ్వు రెండు పెదవులు తెరిచినట్టు ఉంటుంది. చైనా వాళ్ళు దాన్ని బంగారు వెండి పువ్వు అని పిలుచుకుంటారు. పూలు లేని కాలంలో తీగను తడిమి చూడండి. రాధామనోహరం ముదురు తీగ మీద, రాలిన ఆకుల కాడల మొదళ్ళు ముళ్ళలా గట్టిపడి చేతికి గుచ్చుకుంటాయి. హనీసకిల్‌కు ముళ్ళు ఉండవు, లేత తీగ మీద సన్నని నూగు ఉంటుంది.

ఏదైనా ఉంచుకోవలసిన మొక్కే, మార్చవలసింది చోటు మాత్రమే. రాధామనోహరానికి రోజంతా ఎండ కావాలి. హనీసకిల్ చల్లని ప్రాంతాల నుంచి వచ్చినది. శ్రీకాకుళం, విజయనగరం ఎండలకు దానికి ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ ఉండే తూర్పు గోడ సరైన చోటు.

తీగ గుబురుగా ఉంది, ఒక్క పువ్వూ లేదు

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దీనికి కారణాలు మూడు. ఏ ఇంట్లో ఏది ఉందో తేల్చకుండా ఏ పనీ మొదలుపెట్టవద్దు.

మొదటిది బలం ఎక్కువవడం. మా వీధి చివర ఒక పిన్నిగారి ఇంట్లో రాధామనోహరం డాబా మీదికి పాకి అవతలి పక్కకు వేలాడుతోంది. నాలుగేళ్ళ మొక్కకు ఏటా నాలుగైదు పూలే. "బలం చాలలేదేమో, ఇంకో గంప గత్తం వెయ్యమంటావా అమ్మా?" అని అడిగారు. గత్తం అంటే మా వైపు పశువుల పేడ ఎరువు. ఆకు తెంపి చూశాను. అరచేతిని కప్పేసేంత వెడల్పు, నల్లబడినట్టున్న ముదురు ఆకుపచ్చ, మెత్తగా వంగిపోయే కొమ్మ. మొదలు దగ్గర నేల ఎప్పుడూ తడిగా ఉంటోంది. ఆ తడి వెంట వెళితే పశువుల పాక కనిపించింది. కడిగిన నీళ్ళన్నీ చిన్న కాలువగా వచ్చి తీగ పాదులో చేరుతున్నాయి. ఆ నీళ్ళలో నత్రజని దండిగా ఉంటుంది, మొక్క దాన్నంతా ఆకులు పెంచడానికే వాడుకుంటుంది. "వద్దు పిన్నీ, ఉన్నదే ఎక్కువైంది" అని చెప్పి, కాలువను అరటి పిలకల వైపు తిప్పాం. ఇంకేమీ వెయ్యలేదు. తర్వాతి వానాకాలంలో గోడ కనిపించనంతగా గుత్తులు దిగాయి. ఆ రోజు పిన్ని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీ ఇంట్లో కూడా ఆకు అలా నల్లగా, వెడల్పుగా ఉంటే యూరియా, పచ్చి పేడ, చేపలు కడిగిన నీళ్ళు అన్నీ ఆపండి. ఏడాదికి ఒకసారి, వానలకు ముందు, బాగా చివికిన గత్తం ఒక చిన్న గంపెడు, దానితో గుప్పెడు ఎముకల పొడి చాలు.

రెండోది నీడ. కొమ్మ మీద ఆకు జంటకూ ఆకు జంటకూ మధ్య దూరం చూడండి. మొదట నాటినప్పటి కొమ్మల కంటే ఇప్పటి కొమ్మల్లో ఆ దూరం బాగా సాగి, ఆకు పలచగా, లేత రంగులో ఉంటే తీగ వెలుతురు కోసం పరుగెడుతోందని అర్థం. పక్కన మామిడి కొమ్మ పెరిగి ఉంటుంది, లేదా పక్కింటివాళ్ళు మేడ లేపి ఉంటారు. కొమ్మను కొట్టగలిగితే కొట్టండి, లేకపోతే తీగనే ఎండ వైపు మళ్ళించి కట్టండి. ఎరువుతో నీడ సమస్య తీరదు.

మూడోది, మనం చేజేతులా చేసుకునేది, వేళ కాని వేళ కత్తిరింపు. ఈ రెండు తీగలూ ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మల మీదే పూస్తాయి. జూన్‌లో తొలకరి పడగానే దొడ్డి శుభ్రం చేస్తూ కొసలన్నీ కత్తిరిస్తే, రాబోయే మొగ్గలను కోసి పారేసినట్టే. రాధామనోహరాన్ని పూత జోరు పూర్తిగా తగ్గాక, మా దగ్గర డిసెంబరు, జనవరి నెలల్లో, మూడో వంతు వరకు నిర్భయంగా కత్తిరించవచ్చు. హనీసకిల్‌ను అంత గట్టిగా కొట్టవద్దు. ఒక విడత పూత అయ్యాక పూసిన కొసలు, లోపల ఎండిన పుల్లలు తీస్తే చాలు.

ఇక నాటిన మొదటి ఏడాది పూయకపోతే అది జబ్బు కాదు. మొక్క వేరు దించుకునే పనిలో ఉంది, ఆగండి.

ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి

ఏ ఆకులు? ఈ ప్రశ్నకు జవాబు వచ్చాకే మిగతాది.

కింద ముదురు ఆకులు పండి రాలుతూ, మట్టి తడిగా ఉంటే నీరు నిలుస్తోంది. మధ్య వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. కుండీ అయితే ఎత్తి అడుగు రంధ్రం చూడండి, వేళ్ళు దాన్ని మూసేసి ఉంటాయి. నేలలో అయితే పాదు చుట్టూ మట్టి ఎగదోసి, నీరు పోయే దారి చెయ్యండి. వంశధార, నాగావళి ఒడ్డు ఊళ్ళలో ఒండ్రు నేల నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, అక్కడ గట్టు మీదే నాటాలి.

అలా కాక కొస ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా వల అల్లినట్టు కనిపిస్తే ఇనుము అందడం లేదు. కుండీ అంచున తెల్లని పొర కట్టిందేమో చూడండి. బోరు నీళ్ళలోని సున్నం మట్టిలో పేరుకుంటే, ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, చల్లని వేళ ఆకుల మీద పిచికారీ చెయ్యండి. పది రోజుల తర్వాత మరోసారి. ఈ మొక్కకు పొయ్యి బూడిద వెయ్యవద్దు, సున్నం గుణం ఇంకా పెరుగుతుంది. వానాకాలంలో చూరు నీళ్ళు పట్టి పోస్తే మట్టి తనంతట తాను సర్దుకుంటుంది.

ఆకు అంచులు మాడిపోతున్నాయి, మొగ్గలు ఎండి రాలుతున్నాయి

మే నెల వడగాలి హనీసకిల్‌కు పడదు. మధ్యాహ్నం పూట సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టి, పాదులో కొబ్బరి పీచు మందంగా పరవండి. కొబ్బరి తోటల ఉద్దానం పక్కనే ఉన్న మనకు పీచుకు కొదవేమిటి? నీళ్ళు తెల్లవారి పొయ్యండి.

కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు సముద్రానికి దగ్గరలో ఉన్నవాళ్ళకు ఇదే లక్షణం ఉప్పు గాలి వల్ల వస్తుంది. గాలి తగిలే వైపు ఆకులే మాడితే అదే కారణం. గాలి తగ్గాక మంచి నీటితో ఆకులు కడగండి, మొక్కకు సముద్రం వైపు ఒక అడ్డు ఉండేలా చూడండి.

లేత కొసలు ముడుచుకున్నాయి, ఆకుల మీద నల్లని మసి

కొసను తిప్పి చూస్తే పేనుబంక గుంపులుగా ఉంటుంది, తీగ పొడవునా చీమలు బారులు తీరి ఉంటాయి. ఆ పురుగు విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపాడతాయి. మసి పట్టేది ఆ జిగురు మీదే. ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి కడగండి. మూడు రోజులకు మళ్ళీ కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లండి. విచ్చిన పూల మీద పడనివ్వవద్దు, తేనెటీగలు వాలతాయి. అక్షింతల పురుగులు కనిపిస్తే అసలు ఏమీ చల్లకండి, పేనుబంకను అవే తినేస్తాయి. పిండినల్లి అయితే తడి గుడ్డతో తుడిచేయడమే.

చలికాలంలో హనీసకిల్ ఆకు మీద తెల్లని పొడి చల్లినట్టు కనిపిస్తే బూడిద తెగులు. లోపలి కొమ్మలు తీసి గాలి ఆడనివ్వండి. అప్పటికీ తగ్గకపోతే నీటిలో కలిసే గంధకం పొడి లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున చల్లండి. వేపనూనె చల్లిన రెండు వారాల లోపు గంధకం వద్దు, ఆకు మాడుతుంది.

తుఫానుకు తీగ కూలిపోయింది

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలే నేలకొరిగాయి. మా రాధామనోహరం పందిరితో సహా పడింది, ఒక పక్క వేళ్ళు పైకి లేచాయి. తీసి పారేద్దామని ఇంట్లోవాళ్ళు అన్నారు. నాకు మనసొప్పలేదు. మోకాలి ఎత్తు వరకు ఉంచి మిగతాదంతా కోసేశాను, లేచిన వేళ్ళ మీద మట్టి కప్పి తొక్కాను. కొన్ని వారాలకు మొదలు నుంచి ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. ఇప్పుడు గేటు మీద ఉన్నది ఆ తీగే.

అందుకే చెబుతున్నాను, వేరు సగం నేలలో ఉన్నా మొక్కను పీకకండి. పూత మీద ఎంత ఆశ ఉన్నా సెప్టెంబరు చివర గుబురును పలచన చెయ్యండి, గాలి లోపలి నుంచి దాటిపోతుంది. పందిరి గుంజలు రెండడుగుల లోతు దించండి. తీగను తాడుతో బిగించి కట్టవద్దు, వేలు దూరేంత వదులు ఉండాలి.

కొమ్మ నాటితే బతకడం లేదు

లేత కొస నాటితే కుళ్ళుతుంది, బాగా ముదిరినది నాటితే ఎండుతుంది. పెన్సిలు లావు కొమ్మను, మూడు కణుపులు ఉండేలా, జూలైలో నాటండి. అంతకంటే తేలిక నేల అంటు. కిందికి వాలిన తీగను ఒక కణుపు దగ్గర చిన్నగా గీరి, ఆ చోటు మట్టిలోకి వంచి, మీద రాయి పెట్టండి. కొస పైకే ఉండాలి. మట్టి ఆరనివ్వకండి. రెండు నెలలకు రాయి తీసి తీగను మెల్లగా లాగి చూడండి. బిగుసుకుని ఉంటే వేరు పట్టినట్టే, అప్పుడు తల్లి మొక్క వైపు కోసి, మట్టి గడ్డతో సహా తీసి నాటుకోండి.