వాతావరణ విధానం చదవడం ఎలా? – నాలుగో పాఠం: జీవో, చట్టం

పోయినసారి అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక, ఈ వారం అనుకున్న కర్బన పన్ను పాఠం వాయిదా వేశాను. ఏ దేశం వాతావరణ విధానం గట్టిదని అడిగితే దాదాపు అందరూ నికర సున్నా (వాతావరణంలోకి వదిలే కర్బన వాయువులూ, తిరిగి తొలగించేవీ సమానం కావడం) చేరే గడువు సంవత్సరాలు రాశారు. జర్మనీ 2045, బ్రిటన్ 2050, మనం 2070, కాబట్టి జర్మనీ ఫస్టు! ఆ గడువు తప్పితే ఎవరు ఎవరికి సంజాయిషీ ఇచ్చుకోవాలన్నది కదా నేనడిగింది.

గాజువాక నుంచి రాసిన ఒకరు మాత్రం సరైన చోట ఆగారు: "ఆస్ట్రేలియాలో కమిషన్ వేశారు కదండీ, మరెందుకు నిలబడలేదు?"

ముడి అక్కడే ఉంది. ఆస్ట్రేలియాలో ఉన్నది ఒక్క సంస్థ కాదు, రెండు. వాతావరణ మార్పు గురించి జనానికి వివరించే క్లైమేట్ కమిషన్ 2011లో ప్రభుత్వ నిర్ణయంతో పుట్టింది. వాతావరణ విధానం మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే క్లైమేట్ చేంజ్ అథారిటీ అదే ఏడాది పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. 2013 సెప్టెంబరులో ప్రభుత్వం మారింది. ఆ నెలలోనే కమిషన్‌ని మూసేశారు. అథారిటీనీ మూసేస్తామన్నారు గానీ, దానికి పార్లమెంటు ఎగువ సభ సెనేట్ ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. అథారిటీ ఇప్పటికీ పనిచేస్తోంది. మన వ్యవహారంలో చెప్పాలంటే మొదటిది జీవో బిడ్డ, రెండోది చట్టం బిడ్డ. జీవో ఇచ్చినవాళ్లు ఇంకో జీవోతో దాన్ని ఎత్తేయగలరు.

ఇంతవరకూ చాలామందికి అర్థమవుతుంది. పప్పులో కాలేసేది దీని తర్వాతే: చట్టం కింద వచ్చిన నోటిఫికేషన్‌ని చట్టమే అనుకుంటారు. విశాఖలో ఎవరిని కదిపినా "సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి) చట్టం" అంటారు, పేపర్లూ అలాగే రాస్తాయి. అలాంటి చట్టం లేదు. ఉన్నది 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. దాని కింద కేంద్రం 1991లో ఒక తీర నోటిఫికేషన్ ఇచ్చింది, 2011లో ఇంకొకటి, 2019లో మరొకటి. జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో 200 మీటర్ల నిర్మాణ నిషేధ హద్దు 2019 నోటిఫికేషన్‌తో 50 మీటర్లకు తగ్గింది. దీని మీద పార్లమెంటులో ఓటింగ్ జరగలేదు, జరగనక్కర్లేదు కూడా. పేరులో చట్టం ఉందా లేదా అని కాదు, మీకు కావలసిన అంకె ఎక్కడ రాసి ఉందో చూడండి. చట్టంలో ఉంటే మార్చడానికి సభలో ఓట్లు కావాలి. నోటిఫికేషన్‌లో ఉంటే అభ్యంతరాలు స్వీకరించాక మంత్రిత్వ శాఖ మార్చేయగలదు. ఉపన్యాసంలో ఉంటే మార్చాల్సిన పని కూడా లేదు, మర్చిపోతే చాలు.

ఇప్పుడు మన 2070 సంగతి. 2021 నవంబరులో గ్లాస్గోలో ప్రధాని ప్రకటించారు. పార్లమెంటు చేసిన చట్టమేదీ దాన్ని తప్పనిసరి చేయలేదు. వాతావరణ మార్పు మీద 2008లో వచ్చిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక, దానిలోని 8 మిషన్లూ అంతే. ఇంధన పొదుపు సంస్థ బీఈఈ మాత్రం 2001 ఇంధన పొదుపు చట్టంతో వచ్చింది. ఉక్కు, సిమెంటు లాంటి రంగాల్లో పెద్ద వినియోగదారులకు అది లక్ష్యాలు సూచిస్తుంది, కేంద్రం నోటిఫై చేస్తుంది, తప్పితే జరిమానా ఉంది. నన్నడిగితే 2070 కన్నా బీఈఈ మీదే ఎక్కువ కన్నేసి ఉంచాలి.

చట్టం ఉంటే ఇక ఢోకా లేదని రాసినవాళ్లకు ఒక మాట. ఆస్ట్రేలియా కర్బన ధర (వదిలే కర్బనానికి కంపెనీలు కట్టాల్సిన సొమ్ము) కూడా చట్టమే. 2012 జులైలో అమల్లోకి వచ్చి 2014 జులైలో రద్దయింది. జర్మనీ 2019లో వాతావరణ చట్టం చేసింది. 2030 తర్వాతి ఉద్గారాల తగ్గింపుల సంగతి తేల్చలేదని 2021లో రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టాకే గడువు 2050 నుంచి 2045కి జరిగింది. మీరు మెచ్చుకున్న ఆ 2045 కోర్టు కదిలిస్తే వచ్చింది! మళ్లీ 2024లో అదే చట్టంలో రంగాలవారీ బాధ్యతను (ఒక్కో రంగం తన లక్ష్యం విడిగా చేరాలన్న నియమాన్ని) సడలించారు. బ్రిటన్‌లో 2008 వాతావరణ మార్పు చట్టం ప్రకారం స్వతంత్ర కమిటీ ఏటా పార్లమెంటుకు నివేదిక ఇస్తుంది, ప్రభుత్వం దానికి జవాబివ్వాలి. కమిటీది సలహా మాత్రమే. అయినా ఆ చట్టాన్ని పట్టుకునే 2022లో ఒకసారి, 2024లో మరోసారి హైకోర్టు ప్రభుత్వ ప్రణాళికను తప్పుపట్టింది. స్వీడన్ ఈ హంగామా ఏదీ లేకుండానే 1991లో కర్బన పన్ను వేసింది. దాని కథ ఇంకోసారి.

నేను చట్టం చదివేటప్పుడు పీఠిక జోలికి పోను. అధ్యక్షుణ్ని ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయగలరు, డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అన్న సెక్షన్లు ముందు చూస్తాను. మీకు వేరే పద్ధతి కుదిరితే అలాగే చదవండి.

అభ్యాసం: 2001 ఇంధన పొదుపు చట్టం, 2022 సవరణ రెండూ దగ్గర పెట్టుకోండి. గాజువాక పక్కనున్న ఉక్కు ఫ్యాక్టరీ లక్ష్యం తప్పిందనుకోండి. లక్ష్యం ఎవరు ఖరారు చేశారు, తప్పిందని ఎవరు తేలుస్తారు, జరిమానా ఎవరు వేస్తారు, దాని మీద అప్పీలు ఎక్కడికి వెళ్తుంది? ఒక్కోదానికీ సెక్షన్ నంబరు రాయాలి. జరిమానా దగ్గర ఢిల్లీలో వెతక్కండి, మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి వైపు చూడండి. సంవత్సరాలు మాత్రం రాసి పంపితే చదవను.