ఇంట్లో ఎలక్ట్రిక్ కారు చార్జింగ్: సమయం, ఖర్చు లెక్కగట్టడం ఎలా?

ముందు కారు మాన్యువల్‌లో రెండు అంకెలు చూడండి: బ్యాటరీ ఎన్ని కిలోవాట్ అవర్లు, కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్ (ఇంటి ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చేది) ఎన్ని కిలోవాట్లు. ఒక కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్.

1. యూనిట్లు
40 యూనిట్ల బ్యాటరీని 20 శాతం నుంచి 80కి తేవాలంటే 24 యూనిట్లు ఎక్కాలి. మీటరులో మాత్రం దాదాపు 27 తిరుగుతాయి. ఏసీ కరెంటు డీసీగా మారేటప్పుడు కొంత వేడిగా పోతుంది. అందుకని 10–15 శాతం కలుపుకోండి.

2. సమయం
ఆ 27ను చార్జర్ లాగే కిలోవాట్లతో భాగించండి. 16 ఆంప్స్ సాకెట్‌లో పెట్టే పోర్టబుల్ చార్జర్ సుమారు 3 కిలోవాట్లు లాగితే 9 గంటలు. 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకు బిగించే చార్జర్) అయితే నాలుగు గంటల లోపే. కానీ ఆన్‌బోర్డ్ చార్జర్ 3.3 కిలోవాట్లదే అయితే కారు అంతకు మించి తీసుకోలేదు, వాల్‌బాక్స్‌కు పెట్టిన డబ్బు దండగే. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి 200కు పడిపోతే ఆ 9 గంటలు 10 దాటతాయి.

3. ఖర్చు
ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు ధర కట్టకండి. కారు వాడే యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా చేరతాయి కాబట్టి వాటికి పడేది పై స్లాబు ధర. అది 9.50 రూపాయలైతే 27 యూనిట్లకు 256 రూపాయలు. బ్యాటరీలోకి ఎక్కిన 24 యూనిట్లలో ఒక్కోదానికి 6.5 కిలోమీటర్లు వస్తే 156 కిలోమీటర్ల ప్రయాణం, అంటే కిలోమీటరుకు సుమారు 1.65.

4. వైరింగ్
దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గీజరు కూడా ఎక్కువ కరెంటే లాగుతుంది, కానీ పావుగంటలో ఆగిపోతుంది. కారు తెల్లవార్లూ లాగుతూనే ఉంటుంది. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సొంత ఎంసీబీ (లోడు మించితే ఆపేసే స్విచ్), 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి. వాల్‌బాక్స్‌కైతే వైరు కనీసం 6 చదరపు మిల్లీమీటర్లు. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే వద్దు, కరిగిపోతుంది.

చార్జర్ మీద ఎర్ర లైటు వెలిగి చార్జింగ్ మొదలవకపోతే ముందు ఎర్తింగ్ చూపించండి. ఎర్త్ పిన్‌ను న్యూట్రల్‌కు కలిపేసి పని కానిచ్చే ఎలక్ట్రీషియన్లున్నారు. న్యూట్రల్ తెగితే కారు బాడీకే కరెంటు వస్తుంది, ఒప్పుకోకండి.

ఇంటి కనెక్షన్‌కు మంజూరైన లోడు 3 కిలోవాట్లే ఉంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ)లో అదనపు లోడుకు దరఖాస్తు చేయండి. కొత్త సాకెట్‌లో మొదటిసారి చార్జింగ్ పెట్టిన గంటకు ప్లగ్ పైభాగం తాకి చూడండి. చెయ్యి ఉంచలేనంత కాలుతుంటే, ముందు కారులో చార్జింగ్ ఆపి, స్విచ్ కట్టేసి, ఆ తర్వాతే ప్లగ్ తీసి సాకెట్ మార్పించండి.